పోతపాలు తాగి నాలుగున్నర గంటలు నిద్రపోయాడు, మరి ఇన్నాళ్ళూ ఆకలితో ఉన్నాడా?

చంటిబిడ్డల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, విశ్రాంత పిల్లల వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 27 ఏళ్ళు. తొలి కాన్పు. పురుటికి తెనాలి దగ్గర మా పుట్టింటికి వచ్చాను. బాబుకు ఇప్పుడు 25 రోజులు. పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు, ఐదో రోజున ఇంటికి వచ్చేటప్పుడు 2 కిలోల 700, పద్దెనిమిదో రోజున 3 కిలోల 200 తూగాడు. మొదటి నుంచీ నా పాలే. రోజుకు ఎనిమిది గుడ్డల దాకా తడుపుతాడు. పగలు బాగానే పడుకుంటాడు. సాయంత్రం ఆరు దాటితే మాత్రం పది దాకా రొమ్ము వదలడు, వదిలిస్తే ఏడుపు. రాత్రి గంటన్నరకోసారి లేస్తాడు. ఇరవై ఒకటో రోజున బారసాలకు వచ్చిన మా మేనత్త చూసి, ‘నీ పాలు పల్చగా ఉన్నాయే, వాడికి ఆనడం లేదు’ అంది. ఆ రాత్రే డబ్బా తెప్పించి పది గంటలకు సీసాతో 60 మిల్లీలీటర్లు పట్టించారు. బాబు రెండున్నర దాకా కదల్లేదు. నేను ఒంటిగంటకే లేచి కూర్చున్నాను. జాకెట్టు తడిసిపోయింది, రొమ్ములు రాళ్ళయ్యాయి. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. తెల్లవారి ఇంట్లో అందరూ సంతోషించారు, నేను ఏడ్చాను. ఇన్నాళ్ళూ నా బిడ్డను పస్తు పెట్టానా? అప్పటి నుంచి రోజూ రాత్రి పట్టిస్తున్నారు. నాలుగో రోజుకు ఆ పాలతో రెండు గంటలే పడుకుంటున్నాడు. అర్ధరాత్రి ఇంకో సీసా కూడా పట్టిద్దామంటున్నారు. నా పాలు తగ్గినట్టు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పస్తు పెట్టలేదమ్మా. దానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది, రాసిన మీరే చూసుకోలేదు. ఐదో రోజు నుంచి పద్దెనిమిదో రోజు వరకు, అంటే 13 రోజుల్లో అరకిలో పెరిగాడు. రోజుకు 38 గ్రాములు. ఈ వయసు బిడ్డ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే నేను ‘బాగున్నాడు, వెళ్ళిరండి’ అని చీటీ మీద సంతకం పెట్టేదాన్ని. మొదటి రోజుల్లో ఆ 200 గ్రాములు తగ్గడం కూడా మామూలే. పుట్టిన బరువులో పదో వంతు లోపు తగ్గి, రెండు వారాల్లోగా మళ్ళీ ఆ బరువుకు చేరుకోవాలి. మీవాడు చేరుకుని దాటిపోయాడు. రోజుకు ఆరు గుడ్డలు తడిపితే చాలంటాం, ఎనిమిది తడుపుతున్నాడు. బిడ్డకు పాలు చాలుతున్నాయా లేదా అన్నది తూకమూ తడిగుడ్డలూ చెప్పాలి. ఎన్ని గంటలు పడుకున్నాడన్నది ఆ సంగతి చెప్పదు.

పాలు పల్చగా ఉన్నాయన్న మాట నా ఉద్యోగ జీవితమంతా విన్నాను. గేదెపాలకు అలవాటు పడిన కళ్ళకు చనుబాలు నీళ్ళలాగే కనిపిస్తాయి. దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడాలి, గబగబా పెరగాలి. అందుకని గేదెపాలలో మాంసకృత్తులు మన పాలకన్నా దాదాపు నాలుగు రెట్లు ఉంటాయి. మన బిడ్డకు నడవడానికే ఏడాది పడుతుంది, వాడికి అంత చిక్కటి పాలు అక్కరలేదు. ఒక్క పూటలోనే మీ పాలు మారుతూ ఉంటాయి. మొదట వచ్చేవి పల్చగా, రొమ్ము ఖాళీ అయ్యే కొద్దీ వెన్న ఎక్కువై చిక్కగా వస్తాయి. మీ మేనత్తగారు చూసింది ఆ మొదటి చుక్కలనే అయి ఉంటుంది.

మరి నాలుగున్నర గంటలు ఎలా పడుకున్నాడు? ఇక్కడ ఆవిడ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. డబ్బాపాలు ఆవుపాలతో చేసినవి. కడుపులో గట్టి విరుగుడు కట్టి చనుబాలకన్నా నెమ్మదిగా అరుగుతాయి. పైగా రొమ్ము దగ్గర బిడ్డ కష్టపడి చీకాలి, చేపు వచ్చినప్పుడు గబగబా తాగి, ఆగి, మళ్ళీ చీకాలి. సీసాలో అయితే 60 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో గొంతులోకి జారిపోతాయి. పెళ్ళిభోజనం చేసి అరుగు మీద ఒరిగిన మగపెళ్ళివారిలా మీవాడూ ఒరిగాడు. అందులోనూ ఆ రోజు బారసాల. పది చేతులు మారి, పాటలు విని, ఫోటోలు దిగి అలసిపోయాడు. అందుకే ఆ నిద్ర నాలుగో రోజుకల్లా రెండు గంటలకు దిగింది. కడుపు ఆ తూకానికి అలవాటు పడుతుంది, ఇంట్లోవాళ్ళు తూకం పెంచుతారు. రెండో సీసా మాట వచ్చింది ఇందుకే.

పసిబిడ్డ నిద్ర మన నిద్ర లాంటిది కాదు. రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు పడుకుంటాడు, కానీ ముక్కలు ముక్కలుగా. ఒక్కో నిద్ర చుట్టు దాదాపు 50 నిమిషాలు. అందులో సగం కదలికల నిద్ర: మూలుగుతాడు, మూతి విరుస్తాడు, నవ్వుతాడు. దేవుడు ఆడిస్తున్నాడని మన పెద్దవాళ్ళు అనేది ఆ నిద్రనే. కొత్త తల్లులు ఆ మూలుగు వినగానే లేచాడనుకుని ఎత్తుకుంటారు, అప్పుడు నిజంగానే లేస్తాడు. ఒక్క నిమిషం ఆగి చూడండి. రాత్రి, పగలు అన్న లెక్క వాడికి ఇంకా లేదు. ఆ గడియారం ఒంట్లో కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చీకటి పడ్డాక మన ఒంట్లో ఊరే నిద్ర రసాయనం, మెలటోనిన్, తల్లి రాత్రి పాలలోనూ ఉంటుంది. వాడి సొంత గడియారం తిరగడం మొదలయ్యేదాకా మీదే వాడి గడియారం. డబ్బాలో అది లేదు. ఇక సాయంత్రం ఆరు నుంచి పది దాకా రొమ్ము వదలకపోవడం ఈ వయసులో దాదాపు ప్రతి ఇంట్లో ఉండేదే. రాత్రికి ముందుగా కడుపు నింపుకుంటాడు, రేపటికి ఎన్ని పాలు కావాలో మీ ఒంటికి చెప్పుకుంటాడు. మూడు వారాల దగ్గర, ఆరు వారాల దగ్గర ఇది మరీ ఎక్కువవుతుంది. మీ ఇంట్లో డబ్బా విప్పింది సరిగ్గా మూడో వారంలో. అందరి ఇళ్ళలోనూ అప్పుడే విప్పుతారు!

పాలు తగ్గినట్టు అనిపిస్తోందన్నారు, అది వట్టి అనుమానం కాకపోవచ్చు. ఏటి ఇసుకలో చెలమ చూశారు కదా, తోడిన కొద్దీ ఊరుతుంది, తోడకపోతే నిండి ఆగిపోతుంది. రొమ్మూ అంతే. ఒంటిగంటకు రాళ్ళయ్యాయన్నారే, అప్పుడు ఒళ్ళు ‘ఇక్కడ పాలు మిగిలిపోతున్నాయి, తగ్గించు’ అన్న కబురు అందుకుంటోంది. పాలు చేసే హార్మోను, ప్రొలాక్టిన్, రాత్రి వేళలోనే ఎక్కువగా ఉంటుంది. రాత్రి పూట పాలు వదిలేయడం పంట మీదున్నప్పుడు చేనుకు నీళ్ళు ఆపేయడం లాంటిది.

ఇది నాకు పుస్తకం చెప్పలేదు. 1987లో మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను పీజీ చదువుతున్నాను, అదీ పిల్లల వైద్యమే. రెండో నెలలోనే రాత్రి డ్యూటీలకు వెళ్ళాను. విజయనగరంలో మా అమ్మ నా మీద జాలితో డ్యూటీ లేని రాత్రులు కూడా ‘నువ్వు పడుకో’ అని డబ్బాపాలు పట్టించేది. నేనూ పడుకునేదాన్ని. మూడు వారాలు తిరిగేసరికి పిల్ల నా రొమ్ము దగ్గరకు తెస్తే మొహం తిప్పి విల్లులా వంగి ఏడవడం మొదలుపెట్టింది. నాకు పాలు పడలేదని అందరికీ చెప్పుకున్నాను, నేనూ అదే నమ్మాను. పాలు పడ్డాయి, వాటిని నేనే ఆపుకున్నానని అర్థం కావడానికి రెండో కాన్పు కావలసి వచ్చింది. ఆ అమ్మాయికి ఏమీ కాలేదు లెండి. గట్టిగా పెరిగింది, ఇప్పుడు నన్నే కసురుతుంది. కాబట్టి నాలుగు సీసాలు పట్టినందుకు మీరు ఏడవవలసిన పని లేదు. చెడిపోయింది ఏదీ లేదు, నాలుగు రోజులే కదా, చెలమ మళ్ళీ ఊరుతుంది.

ఇక చేయవలసింది. అర్ధరాత్రి రెండో సీసా మొదలుపెట్టవద్దు. పది గంటలకు ముందు రెండు రొమ్ములూ పట్టండి. అప్పటికీ వెతుక్కుంటుంటే 30 మిల్లీలీటర్లు మాత్రం ఇవ్వండి, సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో. మీ అమ్మగారి బీరువాలో వెండిదో స్టీలుదో తప్పక ఉంటుంది, కడిగి నీళ్ళలో మరిగించండి. బిడ్డను కాస్త నిటారుగా ఒళ్ళో పెట్టుకుని, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి కొంచెం కొంచెంగా పోయాలి. వాడు మింగాక మళ్ళీ పోయాలి. సీసా రబ్బరుకు అలవాటు పడిన నోరు రొమ్ము దగ్గర బద్ధకిస్తుంది, గిన్నెతో ఆ బెడద తక్కువ. రెండు రోజులయ్యాక 15, ఆ తర్వాత ఆపేయండి. మీ అబ్బాయి బరువుకు ఈ పాటి మెట్లు కూడా అక్కరలేదు, ఒక్కసారే ఆపవచ్చు. మెట్లు పెట్టింది మీ ఇంట్లోవాళ్ళ ధైర్యం కోసం. వారం తర్వాత అదే తక్కెడ మీద తూపించండి. ఒక తక్కెడకూ ఇంకో తక్కెడకూ వంద గ్రాములు తేడా రావచ్చు, ఆ తేడా చూసి ఇంకో డబ్బా కొంటారు. రొమ్ము రాయిలా అయినప్పుడు వేడిగుడ్డ వేసి, బిగువు తగ్గేంతవరకు చేత్తో పిండేయండి. ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

మీ నిద్ర సంగతి. ఈ శీర్షికకు ఉత్తరం రాసిన తల్లులెవరూ తమ నిద్ర గురించి నేరుగా అడగరు, అంతా బిడ్డ నిద్ర గురించే రాస్తారు. ఇంట్లోవాళ్ళకు సహాయం చేయాలని ఉంటే డబ్బా కలపడం ఒక్కటే పని కాదని చెప్పండి. పాలు తాగించగానే బిడ్డను మీ అమ్మగారికి ఇచ్చేయండి. తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, ఊపడం ఆవిడ చూస్తారు. పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్చుకోండి, కుట్లు ఉన్నవారికి అదే హాయి. సోఫాలో కూర్చుని ఇస్తూ నిద్రపోవడం మాత్రం ప్రమాదం. పగలు బిడ్డ పడుకున్నప్పుడు మీరూ పడుకోవాలి. చూడవచ్చిన చుట్టాలకు కాఫీ మీ నాన్నగారు ఇస్తారు. పగలు మూడు గంటలు దాటితే బిడ్డను లేపి పాలు పట్టండి, ఉదయం వరండాలో వెలుతురు తగలనివ్వండి, రాత్రి చిన్న దీపం, తక్కువ మాటలు. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదన్న నియమం ఎవరు పెట్టారో గానీ, దాహం వేసినన్ని నీళ్ళు తాగండి. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టిన ఆవాల దిండు ఉంటే తీసేయండి, మెత్తటి దిండ్లూ దుప్పట్లూ మొహం దగ్గర ఉండకూడదు. పసిబిడ్డ తేలికగా మేలుకోవడం వాడికి ప్రకృతి ఇచ్చిన రక్షణ. నిద్రలో ఉన్నట్టుండి జరిగే శిశుమరణాలు తల్లిపాలు తాగే పిల్లల్లో తక్కువ.

ఇంట్లో నమ్మకపోతే ఈ రెండు లెక్కలు చదివి వినిపించండి. అమెరికాలో 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మూడు నెలల పిల్లలున్న ఇళ్ళను చూస్తే, రాత్రి తల్లిపాలు మాత్రమే ఇచ్చిన తల్లిదండ్రులు డబ్బాపాలు కలిపిన వారికన్నా 40 నుంచి 45 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. లేచి, దీపం వేసి, నీళ్ళు కాచి, కలిపి, చల్లార్చేసరికి నిద్ర తేలిపోతుంది కదా. బ్రిటన్‌లో స్వాన్సీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో 6 నుంచి 12 నెలల పిల్లల తల్లులు 715 మందిని అడిగితే, ఏ పాలు తాగినా పిల్లలు రాత్రి లేవడంలో తేడా కనిపించలేదు.

డబ్బాపాలు విషమని నేను అనడం లేదు. రెండు వారాలు దాటినా పుట్టిన బరువుకు చేరని బిడ్డకు, గుడ్డలు తడపకుండా ఒడిలిపోయిన బిడ్డకు, తల్లి తీవ్రమైన జబ్బుతో ఉన్నప్పుడు, కవలలకు పాలు చాలనప్పుడు నేనే రాసి ఇచ్చాను, అవి ప్రాణాలు నిలిపాయి. అన్నీ తెలిసి, తన ఒంటికీ మనసుకూ ఇదే కుదురుతుందని ఎంచుకున్న తల్లినీ నేను తప్పు పట్టను. మీ విషయంలో అలాంటి కారణం ఏదీ లేదు, అంతే. ఒక్క మాట: మీ ఈ ఏడుపు ఇంకో వారంలో తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఆ సంగతి డాక్టరుతో చెప్పండి. అది కూడా వైద్యం ఉన్న జబ్బే.

ప్రశ్న: మా పాపకు అయిదు వారాలు, నాలుగు కిలోలు. సిజేరియన్ అయింది. నా భార్య రాత్రంతా మేలుకుని నీరసపడుతోంది. రాత్రి ఒక పూట పాలు నేను పట్టిస్తానన్నాను. రాత్రి పదికే కలిపి ఉంచి రెండు గంటలకు తాగిద్దామని ఆలోచన. ఒక చెంచా పొడి ఎక్కువ వేస్తే గాఢంగా నిద్రపోతుందని మా అమ్మ అంటోంది. మా ఇంట్లో శుద్ధియంత్రం నీళ్ళే, కాచకుండా వాడవచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: నాయనా, మీ బుద్ధి బంగారం. మీ పద్ధతి మాత్రం మూడు చోట్ల తప్పు.

ముందు ఆ అదనపు చెంచా. పొడి ఎక్కువైతే పాలలో ఉప్పులూ మాంసకృత్తులూ ఎక్కువవుతాయి. లేత మూత్రపిండాలు వాటిని బయటికి పంపలేక ఒంట్లో నీళ్ళు లాగేస్తాయి. పాపకు దాహం వేస్తుంది, మలబద్ధకం వస్తుంది, నిద్రకు బదులు చికాకు వస్తుంది. దీనికి తలకిందులైన తప్పు కూడా చూశాను. నేను పనిచేసిన ఒక వార్డుకు మూడు నెలల బిడ్డను మూర్ఛలతో తెచ్చారు. డబ్బా ఖరీదని, నెలంతా రావాలని ఆ తల్లి సగం పొడే వేసి నీళ్ళు పోసేదట. బిడ్డ రక్తంలో సోడియం పడిపోయింది. ఆ తల్లి తప్పు ఏముంది, డబ్బా చేతికి ఇచ్చినవాళ్ళెవరూ కొలత చెప్పలేదు. చాలా డబ్బాల మీద 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చెంచా అని ఉంటుంది. మీ డబ్బా మీద ఏముందో చదవండి, ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడండి. పొడిని అదమకుండా కత్తి వెనక వైపుతో చదును చేయండి. ముందు నీళ్ళు కొలిచి పోసి, తర్వాత పొడి.

రెండోది నీళ్ళు. యంత్రం నీళ్ళయినా కాచాలి. ఎందుకంటే అనుమానం నీళ్ళ మీద మాత్రమే కాదు, పొడి మీద కూడా. డబ్బా మూత విప్పనిదైనా ఆ పొడి పూర్తిగా సూక్ష్మజీవులు లేనిది కాదు. క్రోనోబాక్టర్ అనే క్రిమి అందులో ఉండవచ్చు. అరుదే గానీ పసికందుల్లో మెదడువాపు దాకా తీసుకుపోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళలో పొడి కలపమంటుంది. అంటే మరిగిన నీళ్ళను మూతపెట్టి ఉంచి, అరగంట దాటకుండా కలపాలి. కలిపాక గిన్నెను చల్లటి నీళ్ళలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి.

మూడోది, పదికి కలిపి రెండుకు తాగించడం. మే నెలలో హైదరాబాదులో నాలుగు గంటలు బయట ఉన్న పాలు మీరు తాగుతారా? కలిపిన పాలు రెండు గంటల్లోగా వాడాలి. బిడ్డ నోరు పెట్టాక గంట దాటితే మిగిలినవి పారబోయాలి. పొదుపు చూడవద్దు. కాచిన వేడినీళ్ళు ఫ్లాస్కులో, కొలిచిన పొడి పొడిగిన్నెలో విడివిడిగా పెట్టుకుంటే అప్పటికప్పుడు కలపవచ్చు.

ఇంతకీ డబ్బానే ఎందుకు? ఉదయం వేళ రొమ్ములు నిండుగా ఉంటాయి, పాప తాగాక మిగిలినవి మీ ఆవిడ పిండి ఇస్తే అవే మీరు రాత్రి పట్టించవచ్చు. శుభ్రమైన మూతగిన్నెలో 25 డిగ్రీలు దాటని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి వైపు నాలుగు రోజులు నిలుస్తాయి. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేయండి, మైక్రోవేవ్‌లో వద్దు, అందులో ఒక చోట చల్లగా ఒక చోట నోరు కాలేలా వేడెక్కుతాయి. మీ పూట రాత్రి పది, పదకొండు మధ్య పెట్టుకోండి. మీ ఆవిడ ఎనిమిదిన్నరకు పాలిచ్చి పడుకుంటే ఒంటిగంట దాకా ఒకే నిద్ర పోతుంది. రెండు గంటలప్పటి పాలు ఆవిడకే వదలండి, పాలు ఊరే సమయం అది. మీ పని అప్పుడు పాపను ఎత్తుకొచ్చి ఇవ్వడం, తాగాక భుజాన వేసుకోవడం.

ఎంత పట్టాలంటే, డబ్బాపాల మీదే పెరిగే బిడ్డకు కిలోకు 150 మిల్లీలీటర్ల లెక్కన మీ పాపకు రోజుకు 600, ఎనిమిది పూటలకు పంచితే 75. మీరు 60తో మొదలుపెట్టండి. తల తిప్పితే అంతటితో ఆపాలి, గిన్నె ఖాళీ చేయించడం గొప్ప కాదు. మీ ఆవిడకు 26 వారాల సెలవు ఉంటే, అందులో ఇంకా చాలా మిగిలి ఉంటుంది. డబ్బా అలవాటు చేయాలన్న తొందర ఇప్పుడే వద్దు.

ప్రశ్న: మనవరాలికి రెండు నెలలు. మా అమ్మాయి ఉద్యోగానికి వెళుతుందని పగటి పూట డబ్బాపాలు మొదలుపెట్టాం. పసుపుగా, పలచగా రోజుకు అయిదారు సార్లు పోయేది, ఇప్పుడు ఆకుపచ్చగా గట్టిగా రెండు రోజులకోసారి వెళుతోంది, వాసన కూడా వస్తోంది. ఆముదం పట్టించమంటారా? తేనె నాకిస్తే తగ్గుతుందా? వస రుద్దమంటున్నారు.
– ఒక అమ్మమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మమ్మ గారూ, మూడూ వద్దు. తేనెలో ఉండే ఒక క్రిమి ఏడాది లోపు పిల్లల్లో కండరాలను చచ్చుబడేలా చేయగలదు, చుక్క కూడా నాకించకూడదు. ఆముదం పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఇబ్బంది. వస అరగదీసే సానరాయి ఎంత శుభ్రమో మీకూ నాకూ తెలుసు.

డబ్బాపాలకు మారిన బిడ్డ విరేచనం చిక్కబడడం, రంగు ఆకుపచ్చకో గోధుమకో తిరగడం, వాసన రావడం సహజం. మెత్తగా ఉన్నంతవరకు రెండు రోజులకోసారైనా ఫరవాలేదు. మేక పెంటికల్లా గట్టిగా వస్తే మొదట పొడి కొలత చూసుకోండి, తర్వాతే డాక్టరు. నీళ్ళు విడిగా పట్టవద్దు, ఆరు నెలల దాకా అక్కరలేదు. రక్తపు చారలు కనిపించినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, తాగిన ప్రతిసారీ కక్కుతున్నా ఆవుపాల మాంసకృత్తు పడలేదేమోనని చూడాలి, ఆ రోజే తీసుకువెళ్ళండి. ఇంకో మాట, ఒకేసారి పగటి పూటలన్నీ మార్చకండి. ఒక పూట మార్చి మూడు నాలుగు రోజులు ఆగి ఇంకోటి మార్చితే పాప పొట్టకూ, మీ అమ్మాయి రొమ్ములకూ సుఖం. పొద్దున వెళ్ళేముందు, సాయంత్రం రాగానే, రాత్రంతా తన పాలే ఇవ్వమనండి. పగలు నిద్రపోయి రాత్రి ఎక్కువగా తాగుతోందని ఫిర్యాదు వస్తుంది. అమ్మ కనిపించినప్పుడు తాగుతుంది, అది తెలివి.

ప్రశ్న: పిల్లలు రాత్రి బాగా నిద్రపోయే డబ్బా ఏ కంపెనీదో చెప్పగలరా? రెండో నంబరు పాలు తాగితే కడుపు నిండుతుందని మందుల షాపులో చెప్పారు. నెల బిడ్డ.
– ఒంగోలు నుంచి

జవాబు: ఏ కంపెనీ పేరూ చెప్పను. 1992 నాటి పాలపొడుల చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల పాలకు ప్రకటన ఇవ్వడం నేరం, డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా వేయకూడదు. ఆ చట్టం రాకముందు నా బల్ల మీద నెలనెలా ఉచిత డబ్బాలు పేర్చి పోయేవారు, నేనూ వాటిని పంచిపెట్టాను. ఒకటి అయిపోయేసరికి తల్లి పాలు ఎండేవి, రెండోది కొనుక్కునేది. ఒకటో నంబరు ఆరు నెలల లోపు వారికి, రెండోది ఆ తర్వాత. రెండోది నెల బిడ్డకు ఇవ్వకూడదు. పాలలో బియ్యప్పిండి, బిస్కెట్టు పొడి కలపడం కూడా అంతే. ఏడాది దాటేవరకు గేదెపాలు, ఆవుపాలు తల్లిపాలకు బదులు పోయకూడదు.

ప్రశ్న: పదకొండు రోజుల పాప. డబ్బాపాలు కూడా ఇస్తున్నాం. అయిదు గంటలు నిద్రపోతోంది. లేపి పాలు పట్టాలా? నిద్రపోయే బిడ్డను లేపకూడదంటారు కదా.
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: లేపాలి. పుట్టిన బరువుకు తిరిగి చేరేదాకా పగలైనా రాత్రయినా మూడు గంటలు దాటనివ్వకండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగాలి. పొత్తిళ్ళు విప్పి, గుడ్డ మార్చి, అరికాలు నిమిరి, వీపు రాసి లేపండి. చల్లటి నీళ్ళు చల్లవద్దు. బరువు చేరాక రాత్రి తనంతట తాను లేచేదాకా ఆగవచ్చు. కానీ లేపినా కళ్ళు తెరవకుండా, రొమ్ముకు పెట్టినా చీకకుండా వేలాడిపోతుంటే, కళ్ళూ ఒళ్ళూ పచ్చబడితే, ఆరు గుడ్డలు కూడా తడవకపోతే, మాడు లోపలికి పోతే, చంకలో పెట్టిన థర్మామీటరు 99.5 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, అది పాలు ఎక్కువై వచ్చిన నిద్ర కాదు. ఉత్తరం రాసి జవాబు కోసం చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకుపోండి.